రెండో మనిషి గొంతు

ఆశ్వయుజ శుద్ధ దశమి

ఈ చిట్టా ఇవాళ్టి నుంచి నేను రాస్తున్నాను. ఇంతకుముందు మా ఆయన రాసేవారు. ఆయన రాసిన పుటల్లో "అంతా బాగుంది" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. మొన్న తల్లితెప్ప నుంచి మా పై అధికారి భానోజీ గారు మాటల తీగలో కోప్పడ్డారు. "బాగుంది అంటే ఏం బాగుందయ్యా? మోటారా, గొలుసా, నీ ఆరోగ్యమా?" అన్నారు. దాంతో మా ఆయన చిట్టా తెచ్చి నా ఒళ్లో పడేశారు.

"నువ్వు అయిదో తరగతి సదివినావు కదే. నువ్వే రాయి. నాను గొలుసు సూసుకుంటాను."

రూలు పుస్తకం మొదటి పుటలో ఇలా ఉంది: ఏమీ తెలియని మనిషి వచ్చి చదివినా ఈ తెప్పను నడపగలిగేలా రాయాలి, జరిగింది ఏదీ వదలకూడదు. అందుకని మొదటినుంచి రాస్తాను.

నా పేరు నూకరత్నం. మేముండేది మారుతెప్ప మీద. సముద్రం మీద మా వాళ్లవి పదకొండు ఊరితెప్పలు. వాటిని నడిపేది తల్లితెప్ప. మంచినీళ్లూ కరెంటూ అక్కడ నుంచే వెళ్తాయి. గాలివాన వస్తే ఏ ఊరి లంగరు గొలుసు ఎంత వదలాలో, ఎంత లాగాలో అదే చూస్తుంది. ఆ తల్లితెప్పకు ఏమైనా అయితే పని అందుకోవడానికి మారుతెప్ప ఉంది. ఇక్కడ ఊరు లేదు. మేమిద్దరం, కొన్ని బాతులు.

పొద్దున్నే మోటార్లు కాసేపు తిప్పి ఆపుతాం. తెప్ప అడుగున పట్టిన గవ్వలు గీకుతాం. నీళ్ల తొట్లు కడుగుతాం. తల్లితెప్ప మనుషులు ఎప్పుడైనా పరిగెత్తుకు రావలసి వస్తే పడుకోవడానికి పొడుగు గదిలో నలభై మంచాలు వేసి ఉన్నాయి. వారానికోసారి ఆ దుప్పట్లన్నీ ఉతికి మళ్లీ పరుస్తాను. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి వాటి మీద ఒక్కరూ పడుకోలేదు. అయినా ఉప్పువాసన పడుతూనే ఉంటుంది.

"ఎవులూ రాకపోతేనే మన పని బాగున్నట్టే" అంటారు మా ఆయన.

నాకు మాత్రం ఒక్క దుప్పటైనా నలిగి కనిపిస్తే బాగుండుననిపిస్తుంది.


శుద్ధ త్రయోదశి

ఇవాళ ఉత్తుత్తి ప్రమాదం. ఏడాదికోసారి చేస్తారు. తల్లితెప్ప పోయినట్టు అనుకోవాలి, మేము పని అందుకోవాలి, అన్నీ సరిగ్గా తిరుగుతున్నాయని చూపించాలి. భానోజీ గారు తీగలో ఒక్కో పనీ చెబుతుంటారు. పదకొండు తెప్పల పెద్దలూ వింటుంటారు.

మోటార్లు, పంపులు, గొలుసులు అన్నీ అయ్యాయి. చివరికి గొంతుల పని వచ్చింది. ఈ తెప్పను నడిపేది ఒక మాట్లాడే పెట్టె. పని అందుకోమని చెప్పడానికి దానికి ఇద్దరి గొంతులు తెలిసుండాలి. మొదటి మనిషి లేకపోతే రెండో మనిషి చెప్పాలి. ఏదీ ఒక్క మనిషి మీదే వేలాడకూడదట. పోయినేడాది రెండో మనిషి మా బావగారు. ఆయన ఆరో తెప్పకు వెళ్లిపోయారు కనక ఇప్పుడు నేను.

మా ఆయన తన గొంతు ఇచ్చేశారు. తర్వాత పెట్టె నన్నడిగింది. దాని గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు.

"రెండో మనిషీ, మీ పేరు, ఈ తెప్ప బాధ్యుడి పేరు చెప్పండి."

బాధ్యుడంటే మా ఆయన. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నీళ్ల వరసలో ఇంటాయన పేరు అడిగితే మా అమ్మ పక్కావిడ చేత చెప్పించేది. ఇక్కడ పక్కావిడ లేదు. పైగా పదకొండు తెప్పలు వింటున్నాయి. నాకు చెవులు వేడెక్కిపోయాయి. తల అడ్డంగా ఊపాను.

"సెప్పేయే. ఒక్క మాట" అన్నారు ఆయన గుసగుసగా.

"నా వల్ల కాదు మావా."

"ఏమ్మా, వినబడటం లేదు" అన్నారు భానోజీ గారు.

మా ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు చిన్నగా దగ్గారు. నేను మాట్లాడబోయే ముందు అలా దగ్గుతానట. తర్వాత నేను బాతుల్ని పిలిచేటప్పటి సాగదీతతో, సన్నటి గొంతుతో నా పేరు చెప్పి, తన పేరు చెప్పి, ఆ చివరి అక్షరం మింగేసి నవ్వారు.

"శభాష్ తల్లీ" అన్నారు భానోజీ గారు. "డ్యూటీలో సిగ్గేమిటి? చూడు, ఎంత చక్కగా చెప్పావో."

"గొంతు నమోదైంది" అంది పెట్టె.

తీగ ఆపగానే నేను ఆయన మీద పడ్డాను. "నా గొంతు అలగుంటాదేటి? మేకపిల్ల గొంతు పిసికినట్టు?"

"అచ్చం అలగే. నువ్వెప్పుడైనా ఇన్నావేటి? నానే కదా రోజూ ఇనేది."

"మరి నిజంగా అవసరం వత్తే?"

"నానుంటాను కదా. ఎక్కడికెల్తాను? ఇది మటుకు రాయకు."

జరిగింది ఏదీ వదలకూడదని ఉంది కనక రాశాను. చిట్టా తల్లితెప్పకు ఏడాది చివర్లో గాని వెళ్లదు.


పౌర్ణమి

నెలపడవ వచ్చింది. పెద్ద గొలుసు మోటారులో పళ్లచక్రం ఒకటి బీటలు వారింది. దాని కొలతలు ఆయనకే తెలుసు. తల్లితెప్ప కార్ఖానాలో దగ్గరుండి పోత పోయించుకుని మళ్లీ పౌర్ణమి పడవలో వస్తారు. అంతవరకు చిన్న మోటారుతో నడుస్తుంది. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇక్కడ ఉండాలని రూలు.

"రెండో మనిషి ఉంది కదయ్యా, బయల్దేరు" అన్నారు భానోజీ గారు తీగలో. మా ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. గొంతు సంగతి చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. ఒక్క నెలే కదా అనుకున్నాం.

"దుప్పట్లు ఉతక్కు. ఎవులొత్తారు? బాతుల్ని గాలిలో వదిలీకు" అని చెప్పి పడవెక్కారు.

ఆయన అన్నం మూట గుమ్మంలోనే మరిచిపోయారు. పడవ కదిలాక చూశాను. "మావా!" అని కేక వేశాను. పడవలో ముగ్గురు వెనక్కి తిరిగారు. వాళ్లకీ ఎవరో ఒకరు మావా అనేవాళ్లు ఉండే ఉంటారు. మా ఆయన మాత్రం మోటారు వైపు వంగి ఉన్నారు, వినలేదు.

ఆ అన్నం బాతులకు పెట్టాను.


బహుళ చవితి

రాబోయే మనిషి కోసం కొన్ని మాటలు రాసి పెడుతున్నాను. రూలు పుస్తకంలో ఇవి కష్టంగా ఉన్నాయి. మా ఆయన నాకు చెప్పినట్టు రాస్తాను.

నకలు. రోజూ తెల్లవారగానే తల్లితెప్ప తన దగ్గరున్నదంతా ఇక్కడికి పంపుతుంది. ఏ తెప్పలో ఎవరున్నారు, ఎవరికెన్ని నీళ్లు, ఏ గొలుసు ఎంత పొడుగు.

పోగొట్టుకోగలిగింది. ఒక రోజు. తల్లితెప్ప పోతే ఆఖరి నకలు తర్వాత జరిగింది మనకు తెలియదు. ఆ మాత్రం పోయినా పరవాలేదని పెద్దలు కూర్చుని ఒప్పుకున్నారు.

ఆగగల గడువు. రెండు సముద్రపు పోట్లు. చెప్పేవాళ్లు లేకుండా గొలుసులు రెండు పోట్ల వరకు ఓర్చుకుంటాయి. మొదటి పోటు తల్లితెప్ప లేస్తుందేమోనని చూడాలి. రెండోది అయ్యేలోపు మనం అందుకోవాలి.

రెండు తలలు ఉండకూడదు. మనం అందుకోగానే పెట్టె తల్లితెప్ప తీగను తెంపేస్తుంది. ఒక గొలుసును ఒకరు లాగమని, ఇంకొకరు వదలమని అంటే ఊరు ముక్కలవుతుంది. తిరిగి అప్పగించాలంటే రెండో మనిషి తల్లితెప్పకు వెళ్లి, అంతా బాగైందని కళ్లతో చూసి, అక్కడ నుంచి తన గొంతుతో పిలవాలి. అప్పుడే పెట్టె దారి తీస్తుంది.

అన్నీ ఎప్పుడూ తిరుగుతూ ఉండే మారుతెప్పను వేడి తెప్ప అంటారట. ఉత్త నేలే ఉంటే చల్లటి తెప్ప. మనది గోరువెచ్చటిదని మా ఆయన నవ్వేవారు, స్నానం నీళ్లలాగా.

ఇవన్నీ రాసి వెనక్కి చూశాను. చదివి వినిపించడానికి ఎవరూ లేరు.


బహుళ అష్టమి

సాయంత్రం తీగలో మాట్లాడతారు. అందరూ వింటారని నేను ఎక్కువ మాట్లాడను.

"ఏటి తిన్నావు?"

"అన్నం."

"అన్నంలోకి?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఏటే?"

"చిట్టాలో రాత్తాను లే మావా."

వెనక ఎవరో పగలబడి నవ్వారు. "ఏరా, నీ పెళ్లాం నీతో కూడా రిపోర్టులోనే మాట్లాడతాదేటి?" అన్నారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తీగ పెట్టేశాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. నల్లబాతు గుడ్డు పెట్టింది. పడమటి గొట్టం చెమరుస్తోంది. ఆయన వైపు మంచం గోరువెచ్చగా కూడా లేదు, చల్లగా ఉంది.

చారూ ఎండుచేపా తిన్నాను. చిట్టాలో రాస్తానన్నాను కనక.


బహుళ ద్వాదశి

నకలు వచ్చింది. గాలి తూర్పుకు తిరిగింది. ఆకాశం బూడిదరంగులో ఉంది. పళ్లచక్రం పోత అయిందని, చల్లారుతోందని ఆయన చెప్పారు.

"అక్కడ గాలెలాగుంది?" అన్నారు.

"ఉంది."

"బయం ఏత్తందేటే?"

"నేదు" అన్నాను. వేస్తోంది అని ఉంటే ఇంకాసేపు మాట్లాడేవారు.


బహుళ త్రయోదశి

ఇవాళ నకలు రాలేదు.

ఆలస్యమేమోనని బాతుల్ని లోపల మూసి వచ్చాను. అప్పటికే వాన అడ్డంగా కొడుతోంది. పెట్టె అంది: "తల్లితెప్ప పలకడం లేదు. ఆగగల గడువు మొదలైంది."

తీగ ఎత్తాను. పూర్తిగా చచ్చిపోలేదు. లోపల హుస్సు హుస్సుమని చప్పుడు వస్తోంది. నీళ్లో, గాలో, ఎవరైనా ఊపిరి తీస్తున్నారో తెలియలేదు.

"మావా" అన్నాను. "మావా, ఉన్నావా?"

అదే చప్పుడు.

మొదటి పోటంతా తీగ చెవికి పెట్టుకుని కూర్చున్నాను. నేను పని అందుకుంటే ఈ చప్పుడు కూడా తెగిపోతుంది. అది ఆయన ఊపిరే అయితే దాన్ని తెంపేది నేనే. కిటికీలోంచి మూడో తెప్ప ఒక్కటే కనిపిస్తుంది. కెరటం లేచినప్పుడల్లా దాని మీది రేకుల ఇళ్లు ఒక పక్కకు ఒరుగుతున్నాయి. గొలుసు బిగిసి ఉంది. వదిలేవాళ్లు లేరు. అక్కడ పిల్లలుంటారు.

పోటు మారింది. రూలు ప్రకారం నేను చెప్పాలి. తీగ కింద పెట్టి పెట్టె ముందు నిలబడ్డాను.

"రెండో మనిషీ, మీ పేరు, బాధ్యుడి పేరు చెప్పండి."

ఆయన పేరు పలికాను. పుట్టిన తర్వాత మొదటిసారి.

"గొంతు సరిపోలేదు" అంది పెట్టె. "మీరు నూకరత్నం కారు."

గట్టిగా మళ్లీ చెప్పాను.

"మీరు నూకరత్నం కారు. ఇంకొక్కసారి తప్పితే పోటు తిరిగేదాకా ఎవరి మాటా వినను."

పోటు తిరిగితే గడువు అయిపోయినట్టే.

బాతుల గదిలోకి వెళ్లి కూర్చున్నాను. నా గొంతుతో పనిలేదు. మా ఆయన చేసిన నా గొంతు కావాలి. ముందు దగ్గు. అది వచ్చింది. బాతుల్ని పిలిచాను, సాగదీత ఎక్కడ మొదలవుతుందో వినడానికి. అవి తలలెత్తి వచ్చాయి. ఆయన దాన్ని ఇంకా సన్నగా, ముక్కులోంచి చేశారు. అదీ పట్టుకున్నాను. చివరి అక్షరం మింగడం నాకు తేలికే. అన్నీ అలాగే మింగుతాను.

నవ్వు మాత్రం రాలేదు. ఆయన చేసిన నూకరత్నం నవ్వుతుంది. ఎంత ప్రయత్నించినా పళ్లు కనబడుతున్నాయి గాని నవ్వు రావడంలేదు. అప్పుడు పడవ గుర్తొచ్చింది. నేను మావా అంటే ముగ్గురు పరాయి మొగాళ్లు ఆశగా వెనక్కి తిరగడం. ఆ ముగ్గురి ముఖాలు.

పెట్టె ముందుకు పరిగెత్తాను. దగ్గాను. సాగదీసి నా పేరు చెప్పాను. ఆయన పేరు చెప్పాను. చివరి అక్షరం మింగాను. నవ్వాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గాని పెట్టె గొంతే చూస్తుంది.

"నమస్కారం నూకరత్నం గారూ. మారుతెప్ప పని అందుకుంటోంది."

చిన్న మోటారు మూలిగింది. మూడో తెప్ప గొలుసు వదులవడం కిటికీలోంచి చూశాను. ఇళ్లు నిటారుగా లేచాయి. వెనక్కి వచ్చి తీగ చెవికి పెట్టుకున్నాను. చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఊళ్ల తీగల్లోంచి గొంతులు ఒక్కసారిగా పడ్డాయి.

"తల్లితెప్పా! బతికే ఉన్నారేటి!"

"గొలుసు వదిలింది బాబో, వదిలింది!"

"ఎవులమ్మా మాట్లాడతన్నది? పలకండి!"

"మారుతెప్ప" అన్నాను.

"మారుతెప్పలో ఎవులు?"

ఇంతమంది ఒక్కసారి నా పేరు ఎప్పుడూ అడగలేదు. "నూకరత్నం" అన్నాను. నా మామూలు గొంతుతోనే.

"ఆ ఉత్తుత్తి రోజున సన్నగా నవ్విన అమ్మాయివేటి?" అంది మూడో తెప్ప ముసలామె ఎవరో. "గొంతు బొంగురుపోయిందేటి సెల్లీ?"

"ఔను" అన్నాను.


అమావాస్య

గాలి తగ్గింది. పదకొండు తెప్పలూ ఉన్నాయి. పడవలన్నీ తల్లితెప్ప దగ్గర కట్టి ఉంచేవారు కనక చూసి రావడానికి పడవ లేదు. తొమ్మిదో తెప్ప వాళ్లు పీపాలు కట్టి ఒకటి తయారు చేస్తున్నారు.

ఇవాళ అయిదో తెప్ప నుంచి ఒకాయన గొడవపడ్డాడు. గాలివానకు ముందురోజు మధ్యాహ్నం ఆయనకు ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నకలు తెల్లవారగానే వచ్చేసింది. మర్నాటిది రాలేదు. పెట్టె లెక్కలో ఆ పిల్ల లేదు.

"నా కూతురికి నీళ్లు లేవంటాదేటి మీ పెట్టె? పుట్టనే లేదంటాదేటి?"

"ఒక రోజు పోయినా పరవాలేదనుకున్నారు అన్నా" అన్నాను.

"ఎవులనుకున్నారు?"

నేను చేత్తో రాసి పిల్లను లెక్కలో చేర్చాను. ఇంకా పేరు పెట్టలేదట. ఆడపిల్ల అని రాశాను.

తర్వాత అదే లెక్కలో తల్లితెప్ప పుట తీసి చూశాను. మైలపల్లి ఇంటిపేరు కింద మా ఆయన ఉన్నారు. కార్ఖానాలో ఉన్నట్టు, భోజనం తీసుకున్నట్టు ఉంది. ద్వాదశి తెల్లవారుజాము అది. ఆ తర్వాత సాయంత్రం ఆయన బయం ఏత్తందేటే అని అడిగింది ఈ లెక్కలో లేదు. అది నా దగ్గర మాత్రమే ఉంది.


కార్తీక శుద్ధ విదియ

నీళ్లు సమంగా వెళ్తున్నాయి. పగలంతా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పంపు ఆగింది, వెలుతురు తగ్గింది, గొలుసు కీచుమంటోంది. అన్నిటికీ జవాబు చెబుతున్నాను. దగ్గకుండానే మాట వస్తోంది.

పీపాల పడవ నిన్న బయల్దేరింది. ఇంకా కబురు లేదు. వాళ్లు నన్ను కూడా ఎక్కమన్నారు. రెండో మనిషి వెళ్లి పిలిస్తేనే తల్లితెప్ప దారి తెరుచుకుంటుంది కదా అన్నారు. నేను వెళ్తే ఇక్కడ గొలుసులు చూసేదెవరు? ఇక్కడుంటే అక్కడ నుంచి పిలిచేదెవరు? రూలు రాసినవాళ్లు రెండో మనిషి ఒంటరిగా మిగులుతుందనుకోలేదు.

ఊళ్లన్నీ సర్దుకుని తీగలు పెట్టేశాక తల్లితెప్పది ఆ తెగిన తీగ ఎత్తి చెవికి పెట్టుకుంటాను. హుస్సుమన్న చప్పుడైనా లేదు. నా చెవి నాకు వినబడుతుంది.


కార్తీక శుద్ధ షష్ఠి

పొద్దున్న ఎండ బాగా కాసింది. ఎవరూ రాకపోయినా దుప్పట్లు ఉతికాను. పొడుగు గదిలో పరుస్తుండగా పెట్టె పలికింది.

"రెండో మనిషి తల్లితెప్ప నుంచి పిలిచింది. గొంతు సరిపోయింది. దారి తెరుస్తున్నాను."

నేను నోరు తెరవలేదు. ఇక్కడ ఈ మంచాల మధ్య దుప్పటి కొస పట్టుకుని నిలబడి ఉన్నాను.

మొదట చిన్న దగ్గు వినిపించింది. తర్వాత సాగదీత, బాతుల్ని పిలిచినట్టు, మేకపిల్ల గొంతు పిసికినట్టు. నా పేరు. ఆ తర్వాత ఇంకో పేరు, చివరి అక్షరం మింగేసి. నవ్వు మాత్రం సగంలో విరిగిపోయి అసలు దగ్గులోకి దిగింది.

"ఎవర్రా అది, ఆడగొంతుతో?" అన్నారు వెనక భానోజీ గారు నీరసంగా.

"మీరుండండి బాబూ. ఇలగైతేనే పెట్టె దారి తీత్తాది." మళ్లీ తీగ దగ్గరకు వచ్చినట్టున్నారు. ఈసారి తన గొంతు. "నూకా. ఒలే నూకా. ఉన్నావేటే?"

దుప్పటి ఎక్కడ పడేశానో తెలియదు. పెట్టె ముందుకు ఎలా వచ్చానో తెలియదు. పదకొండు తెప్పలు వింటున్నాయి. మావా అని నోటిదాకా వచ్చింది. మావా అంటే ముగ్గురు తిరుగుతారు.

దగ్గలేదు. సాగదీయలేదు. ఏ అక్షరమూ మింగలేదు.

"తవిటయ్యా" అన్నాను.

"గొంతు సరిపోలేదు" అంది పెట్టె. "మీరు నూకరత్నం కారు. మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాను.